కేంద్రం లేని విశ్వం: జార్జ్ లెమైత్ర జీవితం

ఆకాశంలో ఏ దిక్కుకు దూరదర్శినిని తిప్పినా సుదూర గెలాక్సీలు మన నుంచి ఇంకా దూరానికి తరలిపోతూనే కనిపిస్తాయి. దగ్గరివి నెమ్మదిగా, దూరపువి వేగంగా వెళుతుంటాయి. ఈ సంగతి విన్న ఎవరికైనా వెంటనే ఒక సందేహం కలుగుతుంది. అన్నీ మన నుంచే తరలిపోతున్నాయంటే విశ్వానికి నట్టనడుమ ఉన్నది మనమేనా? కాకపోతే ఆ నడిమి స్థానం ఎక్కడ ఉంది?

అలాంటి నడిమి స్థానమే లేదన్నది నేటి విజ్ఞానశాస్త్రం ఇస్తున్న సమాధానం. ఆ సమాధానాన్ని గణితంలో నిలబెట్టి, గెలాక్సీల వేగాలతో ముడివేసిన తొలి వ్యక్తి బెల్జియం దేశస్థుడైన జార్జ్ లెమైత్ర. ఆయన క్యాథలిక్ మతగురువు, గణితవేత్త, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైనికుడు. విశ్వం విస్తరిస్తోందని తెలుసుకున్న తర్వాత దానికి కేంద్రం లేదని ఆయన తేల్చలేదు. విశ్వంలో ఏ ఒక్క బిందువుకూ ప్రత్యేక హోదా ఉండరాదన్న పట్టుదలే ఆయనను విస్తరణ దాకా నడిపించింది. ఆ పట్టుదలను ఆయన సమకాలికులు చాలాకాలం గుర్తించలేదు. గుర్తించిన తర్వాత కూడా ఆయన సిద్ధాంతానికి లోకం పెట్టుకున్న పేరు, ఆయన తొలగించిన కేంద్రాన్నే జనం ఊహలోకి తిరిగి తెచ్చింది.

గనుల సీమ నుంచి కందకాలకు

లెమైత్ర 1894 జులై 17న దక్షిణ బెల్జియంలోని షార్ల్‌ర్వా పట్టణంలో జన్మించారు. బొగ్గు గనులకు, గాజు పరిశ్రమకు పేరొందిన ప్రాంతమది. తండ్రి జోసెఫ్ గాజు కర్మాగారం నడిపేవారు. అది అగ్నిప్రమాదంలో కాలిపోవడంతో ఆ కుటుంబం 1910లో రాజధాని బ్రసెల్స్‌కు తరలివచ్చింది. జెస్యూట్ విద్యాసంస్థల్లో చదువుకున్న లెమైత్రకు బాల్యం నుంచే మతగురువు కావాలన్న కోరిక, శాస్త్రవేత్త కావాలన్న కోరిక రెండూ ఉండేవి. అయితే కుటుంబ పరిస్థితులకు తగినట్లుగా 1911లో లూవెన్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదువులో చేరారు.

1914 ఆగస్టులో జర్మనీ సేనలు బెల్జియంలోకి చొచ్చుకువచ్చాయి. ఇరవై ఏళ్ల లెమైత్ర చదువు ఆపి, తమ్ముడు జాక్‌తో కలిసి స్వచ్ఛందంగా సైన్యంలో చేరారు. అదే నెలలో ఆయన విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని జర్మన్ సైనికులు తగులబెట్టారు. రెండు లక్షలకు పైగా గ్రంథాలు బూడిదయ్యాయి. మొదట పదాతి దళంలో, తర్వాత ఫిరంగి దళంలో ఆయన నాలుగేళ్లకు పైగా పనిచేశారు. ఇజెర్ నది ఒడ్డున జరిగిన పోరాటాలను, 1915 వసంతంలో ఈప్ర్ వద్ద జరిగిన విషవాయు దాడిని ప్రత్యక్షంగా చూశారు. విరామం దొరికినప్పుడల్లా కందకాల్లోనే ఫ్రెంచి గణితవేత్త పాంకరే రచనలు చదువుకునేవారు. యుద్ధం ముగిశాక బెల్జియం ప్రభుత్వం ఆయనను సైనిక పతకంతో సత్కరించింది.

యుద్ధరంగం నుంచి తిరిగివచ్చాక ఇంజినీరింగ్ వైపు మళ్లీ చూడలేదు. గణితం, భౌతికశాస్త్రం ఎంచుకుని 1920లో డాక్టరేట్ పొందారు. అదే సంవత్సరం మెహెలెన్ నగరంలోని సెమినరీలో చేరారు. అక్కడ మతవిద్య సాగిస్తూనే, ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన సాపేక్ష సిద్ధాంతాన్ని సొంతంగా అధ్యయనం చేశారు. 1923 సెప్టెంబరులో కార్డినల్ మెర్సియే చేతుల మీదుగా గురుపట్టం స్వీకరించారు. కొన్ని వారాల్లోనే ప్రభుత్వ ఉపకార వేతనంతో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జికి పయనమయ్యారు.

ఇద్దరు ఉద్దండుల రెండు విశ్వాలు

కేంబ్రిడ్జిలో ఆయనకు గురువుగా లభించినది ఆర్థర్ ఎడింగ్టన్. సాపేక్ష సిద్ధాంతాన్ని ఆంగ్ల ప్రపంచానికి పరిచయం చేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడాయన. ఏడాది తర్వాత లెమైత్ర అమెరికా చేరుకుని, హార్వర్డ్ వేధశాలలో హార్లో షాప్లీ వద్ద పరిశోధన కొనసాగించారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డాక్టరేట్ కోసం పేరు నమోదు చేసుకున్నారు.

అప్పటికి మొత్తం విశ్వాన్ని సమీకరణాల్లో వర్ణించే ప్రయత్నాలు రెండు ప్రధానంగా ప్రచారంలో ఉండేవి. రెండూ 1917లో వెలువడినవే. మొదటిది ఐన్‌స్టీన్‌ది. ఆయన విశ్వంలో పదార్థం ఉంది, చలనం లేదు. పదార్థపు గురుత్వాకర్షణ వల్ల విశ్వం తనలోకి తాను కూలిపోకుండా నిలబెట్టడానికి ఆయన తన సమీకరణాల్లో ఒక అదనపు పదాన్ని చేర్చారు. దానికే తర్వాత విశ్వ స్థిరాంకం అన్న పేరు స్థిరపడింది. రెండవది నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు విల్లెం డి సిట్టర్‌ది. ఆయన విశ్వంలో పదార్థమే లేదు. అయినా అందులో రెండు కణాలను ఉంచితే అవి ఒకదాని నుంచి మరొకటి దూరమవుతాయి.

ఈ రెండవ విశ్వాన్ని పరిశీలిస్తున్నప్పుడు లెమైత్రకు ఒక లోపం కనిపించింది. డి సిట్టర్ ఎంచుకున్న కొలతల విధానంలో ఒక బిందువు మిగతావాటికి భిన్నంగా నిలుస్తోంది. పరిశీలకుడు ఉన్న చోటు కేంద్రంగా మారి, అక్కడి నుంచి దూరం పెరిగేకొద్దీ కాలం నడక మందగిస్తున్నట్లు కనిపిస్తోంది. అన్ని చోట్లా ఒకే రీతిగా ఉండాల్సిన విశ్వానికి ఈ కేంద్రం ఎక్కడిది? అది ప్రకృతిలో ఉన్నది కాదని, లెక్క కట్టిన తీరులో పుట్టినదని లెమైత్ర గ్రహించారు. స్థలకాలాలను మరో విధంగా విభజించి అవే సమీకరణాలను తిరిగి రాశారు. కేంద్రం మాయమైంది. అయితే దానితోపాటు విశ్వపు నిశ్చలత కూడా మాయమైంది. కొత్త వర్ణనలో బిందువుల మధ్య దూరాలు కాలంతోపాటు పెరుగుతున్నాయి.

1925లో మసాచుసెట్స్ సంస్థకు చెందిన గణిత పత్రికలో ఆయన ఈ సంగతిని ఒక చిన్న వ్యాసంగా ప్రచురించారు. కేంద్రం వద్దనుకుంటే చలనాన్ని అంగీకరించక తప్పదన్న గ్రహింపు ఆయనకు ఆ వ్యాసంతోనే కలిగింది. అయితే పదార్థమే లేని విశ్వం వాస్తవ విశ్వం కాజాలదు. అంతేగాక ఆ లెక్కలో స్థలం అనంతమవుతోంది. అది ఆయనకు సమ్మతం కాలేదు. ఐన్‌స్టీన్ విశ్వంలోని పదార్థం, డి సిట్టర్ విశ్వంలోని చలనం రెండూ ఉండే మూడో మార్గాన్ని వెతకసాగారు.

ఆకాశం ఇచ్చిన సాక్ష్యం

లెమైత్ర గణితానికే పరిమితం కాలేదు. దూరదర్శినుల వద్ద పనిచేసే వారిని వెతుక్కుంటూ అమెరికా అంతటా పర్యటించారు. 1925 జనవరి 1న వాషింగ్టన్‌లో జరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో ఎడ్విన్ హబుల్ రాసి పంపిన పరిశోధన పత్రాన్ని చదివి వినిపించినప్పుడు ఆయన ఆ సభలోనే ఉన్నారు. ఆండ్రోమెడా నీహారిక మన పాలపుంతలో భాగం కాదని, అది మరొక నక్షత్ర సముదాయమని రుజువు చేసిన పత్రమది. విశ్వం ఒక్క పాలపుంతతో ముగిసిపోదని ఆనాటితో స్పష్టమైంది.

ఆ తర్వాత అరిజోనాలోని లోవెల్ వేధశాలకు వెళ్లి వెస్టో స్లైఫర్‌ను కలుసుకున్నారు. స్లైఫర్ 1912 నుంచి నీహారికల కాంతిని వర్ణపటాలుగా విడదీసి వాటి వేగాలను కొలుస్తున్నారు. ఏదైనా వస్తువు మన నుంచి దూరమవుతుంటే దాని కాంతి తరంగాలు సాగి ఎరుపు వైపు జరుగుతాయి. దగ్గరవుతుంటే నీలం వైపు జరుగుతాయి. 1917 నాటికి స్లైఫర్ కొలిచిన 25 నీహారికల్లో 21 మన నుంచి దూరమవుతున్నవే. ఇంత అధిక సంఖ్యలో ఎందుకు తరలిపోతున్నాయన్న ప్రశ్నకు అప్పటికి ఎవరి వద్దా సమాధానం లేదు.

స్వదేశానికి తిరిగివచ్చి లూవెన్‌లో అధ్యాపకుడిగా చేరిన లెమైత్ర 1927లో ఆ సమాధానాన్ని ప్రచురించారు. పదార్థంతో నిండి, ఎటు చూసినా ఒకే రీతిగా ఉండి, కాలంతోపాటు వ్యాసార్ధం పెరిగే విశ్వం ఐన్‌స్టీన్ సమీకరణాలకు సహజంగా లొంగుతుందని ఆయన చూపించారు. ఆ విశ్వంలో గెలాక్సీల వేగం వాటి దూరానికి అనుపాతంలో ఉండాలని నిరూపించారు. తనకు లభించిన 42 గెలాక్సీల వివరాలతో ఆ విస్తరణ రేటును కూడా లెక్కగట్టారు. ఆయన లెక్క ప్రకారం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి వేగం సెకనుకు సుమారు 625 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆనాటి దూరపు కొలతల్లోని లోపాల వల్ల ఆ సంఖ్య చాలా పెద్దదిగా వచ్చింది. నేటి లెక్కల్లో అది 70కి అటూ ఇటుగా ఉంది. సంఖ్య మారినా సూత్రం మారలేదు.

అందరికీ ఒకే దృశ్యం

ఆ సూత్రంలోనే కేంద్రం లేకపోవడం ఎలా ఇమిడి ఉందో ఒక సులభమైన ఉదాహరణతో గ్రహించవచ్చు. సాగే గుణమున్న ఒక పొడవాటి నాడా మీద సెంటీమీటరుకు ఒకటి చొప్పున చుక్కలు పెట్టి, ఒక నిమిషంలో దాన్ని రెండింతలు పొడవు వచ్చేలా సాగదీశామనుకుందాం. ఏదో ఒక చుక్క మీద నిలబడి చూస్తే, సెంటీమీటరు దూరంలో ఉన్న పొరుగు చుక్క రెండు సెంటీమీటర్ల దూరానికి చేరుతుంది. అంటే అది ఒక సెంటీమీటరు జరిగినట్లు. రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్నది నాలుగుకు చేరుతుంది. అంటే అదే నిమిషంలో రెండు సెంటీమీటర్లు జరిగింది. మూడోది మూడు సెంటీమీటర్లు జరుగుతుంది. దూరం ఎంతో, వేగం అంత. ఇప్పుడు మరో చుక్క మీదకు మారి చూసినా ఇవే అంకెలు వస్తాయి. ప్రతి చుక్కా తానే నడుమ ఉన్నానని, మిగతావన్నీ తన నుంచి పారిపోతున్నాయని అనుకోవచ్చు. అన్ని చుక్కలూ అలాగే అనుకోగలిగినప్పుడు ఏ ఒక్కదానికీ ఆ హోదా మిగలదు.

దీనికి భిన్నంగా, దూరంతో నిమిత్తం లేకుండా గెలాక్సీలన్నీ మన నుంచి ఒకే వేగంతో తరలిపోతుంటే పరిస్థితి వేరుగా ఉండేది. ఒకే దిక్కున, ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న రెండు గెలాక్సీలు సమాన వేగంతో వెళుతుంటే వాటి మధ్య దూరం మారదు. మొదటి గెలాక్సీలో ఉన్నవారికి రెండవది నిశ్చలంగా కనిపిస్తుంది. మనం మాత్రం దూరమవుతూ కనిపిస్తాం. అప్పుడు మన స్థానం నిజంగానే ప్రత్యేకమైనదని ఒప్పుకోవలసి వచ్చేది. వేగం దూరానికి అనుపాతంలో ఉన్నప్పుడే దృశ్యం అందరికీ ఒకే రీతిగా ఉంటుంది.

నాడాకు రెండు కొసలు ఉంటాయి కాబట్టి దానికి మధ్య భాగం ఉంటుంది కదా అన్న ప్రశ్న రావచ్చు. లెమైత్ర 1927లో వర్ణించిన విశ్వానికి కొసలు లేవు. అది పరిమితమైనదే గానీ హద్దులు లేనిది. దాన్ని ఊహించుకోవడానికి ఎడింగ్టన్ తర్వాత బుడగ పోలికను ప్రచారంలోకి తెచ్చారు. గాలి ఊదుతున్న బుడగ ఉపరితలం మీద చుక్కలన్నీ ఒకదాని నుంచి ఒకటి దూరమవుతాయి. ఆ ఉపరితలం మీద ఎంత వెతికినా మధ్య బిందువు దొరకదు. బుడగ లోపల ఉన్న బిందువును చూపితే అది సమాధానం కాదు, ఎందుకంటే పోలికలో విశ్వమంటే ఆ ఉపరితలం మాత్రమే. విశ్వం హద్దులేనిదే కాక అనంతమైనది కూడా కావచ్చునని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అలా అయినా కేంద్రానికి చోటు లేదు. అంతం లేని దారికి నడిమి మైలురాయి ఉండదు.

విస్తరణ అంటే గెలాక్సీలు ముందే ఉన్న ఖాళీలోకి దూసుకుపోవడం కాదు. వాటి మధ్య ఉన్న స్థలమే పెరుగుతోంది. గురుత్వంతో గట్టిగా ముడిపడి ఉన్న సౌర కుటుంబం, పాలపుంత వంటివి మాత్రం సాగవు. పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ మన వైపే వస్తుండటానికి కూడా గురుత్వమే కారణం.

ఐన్‌స్టీన్ తిరస్కారం, ఎడింగ్టన్ పశ్చాత్తాపం

ఇంతటి ప్రతిపాదన బ్రసెల్స్ శాస్త్ర సంఘం వెలువరించే ఫ్రెంచి పత్రికలో అచ్చయింది. విదేశీ ఖగోళ శాస్త్రజ్ఞులు దాన్ని చదివేవారు తక్కువ. 1927 అక్టోబరులో సాల్వే మహాసభ కోసం ఐన్‌స్టీన్ బ్రసెల్స్ వచ్చినప్పుడు, నగరంలోని ఒక ఉద్యానవనంలో లెమైత్ర ఆయనను కలుసుకున్నారు. లెక్కలో తప్పేమీ లేదని ఐన్‌స్టీన్ అంగీకరించారు. అయితే భౌతికశాస్త్ర దృష్టితో చూస్తే అది ఏమాత్రం మింగుడుపడని భావమని నిర్మొహమాటంగా చెప్పారు. విస్తరించే విశ్వాలకు సంబంధించిన గణితాన్ని రష్యన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ 1922లోనే ప్రచురించారని లెమైత్రకు తెలిసింది కూడా ఆ సంభాషణలోనే. ఫ్రీడ్‌మన్ అప్పటికే లేరు. 1925లో, 37 ఏళ్ల వయసులో టైఫాయిడ్ జ్వరంతో కన్నుమూశారు. సమీకరణాల ఘనత ఆయనది. వాటిని గెలాక్సీల వాస్తవ వేగాలతో కలిపిన ఘనత లెమైత్రది.

1929లో హబుల్ 24 గెలాక్సీల దూరాలను, వేగాలను పోల్చి, రెండింటికీ ఉన్న అనుపాత సంబంధాన్ని ప్రకటించారు. లోకం దృష్టి అటు మళ్లింది. 1930 జనవరిలో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఎడింగ్టన్, డి సిట్టర్ ఇద్దరూ ఈ పరిశీలనలకు తగిన విశ్వ నమూనా లేదని వాపోయారు. ఆ చర్చను అచ్చులో చదివిన లెమైత్ర, తాను మూడేళ్ల క్రితమే ఆ పని పూర్తి చేశానని గుర్తుచేస్తూ గురువుకు లేఖ రాశారు. ఎడింగ్టన్ తన ఏమరుపాటుకు నొచ్చుకుని, శిష్యుడి వ్యాసాన్ని నలుగురి దృష్టికీ తెచ్చారు. 1931లో దాని ఆంగ్ల అనువాదం ఆ సొసైటీ పత్రికలో వెలువడింది.

ఆ అనువాదంలో విస్తరణ రేటును లెక్కగట్టిన భాగం లేదు. దాన్ని ఎవరు, ఎందుకు తొలగించారన్నది దశాబ్దాల పాటు వివాదంగా మిగిలింది. హబుల్‌కు కీర్తి దక్కేలా ఎవరో కావాలనే కత్తిరించారన్న అనుమానాలు కూడా వచ్చాయి. 2011లో ఒక పాత లేఖ వెలుగుచూడటంతో ఆ చిక్కు వీడింది. అనువాదం చేసింది లెమైత్రే, ఆ భాగాన్ని వదిలేసింది కూడా ఆయనే. హబుల్ వద్ద మెరుగైన కొలతలు వచ్చాక తన పాత అంకెలను తిరిగి అచ్చువేయడం వల్ల ప్రయోజనం లేదని ఆయన భావించారు. ఫలితంగా ఆ సూత్రం హబుల్ పేరుతోనే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యులు 2018లో ఓటు వేసి, దాన్ని హబుల్–లెమైత్ర సూత్రంగా వ్యవహరించాలని సిఫార్సు చేశారు.

ఆరంభానికి చిరునామా లేదు

విశ్వం విస్తరిస్తున్నప్పుడు కాలంలో వెనక్కి వెళితే అది కుదించుకుపోవాలి. ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లడానికి ఎడింగ్టన్ కూడా ఇష్టపడలేదు. లెమైత్ర మాత్రం వెనుకాడలేదు. 1931 మే నెలలో నేచర్ పత్రికకు రాసిన ఒక చిన్న లేఖలో, విశ్వంలోని శక్తి అంతా ఆదిలో ఒకే ఒక్క క్వాంటంగా ఉండి, ఆ తర్వాత విభజన చెందుతూ వచ్చిందని ప్రతిపాదించారు. అదే తర్వాత ఆదిమ పరమాణువు పరికల్పనగా పేరుపొందింది.

ఈ లేఖలోని ఒక అంశాన్ని చాలామంది పట్టించుకోలేదు. ఆ తొలి క్వాంటం విభజన చెందిన తర్వాతే స్థలం, కాలం అన్న మాటలకు అర్థం ఏర్పడుతుందని లెమైత్ర అందులో వివరించారు. అలాంటప్పుడు ఆ పరమాణువు స్థలంలో ఏదో ఒక మూల ఉండేదని అనుకోవడానికి వీల్లేదు. ఆరంభం ఎక్కడ జరిగిందన్న ప్రశ్నకు ఒక చిరునామా ఉండదు. అయితే సామాన్య పాఠకులకు వివరించే క్రమంలో లెమైత్ర సైతం బాణసంచాతో పోలిక తెచ్చారు. బాణసంచా పేలేది ఒక చోట, నిప్పురవ్వలు చిమ్మేది చుట్టూ ఉన్న ఖాళీలోకి. ఆ పోలిక చదివినవారికి కేంద్రం తిరిగి కళ్ల ముందు నిలిచింది.

1933 జనవరిలో కాలిఫోర్నియాలోని పసడీనాలో లెమైత్ర ప్రసంగాలు విన్న ఐన్‌స్టీన్ ఈసారి వాటిని మెచ్చుకున్నారు. అయినా ఆయనకు ఒక సందేహం మిగిలింది. విశ్వం అన్ని దిక్కులా సమానంగా ఉందని అనుకోవడం వల్లనే లెక్కలో ఆరంభం వస్తోందేమో, దిక్కుల మధ్య తేడాలు ఉంటే అది తప్పిపోతుందేమో చూడమని లెమైత్రను కోరారు. తేడాలు ఉన్నా ఆరంభం తప్పదని లెమైత్ర ఒక సందర్భంలో లెక్కగట్టి చూపారు. అదే ప్రశ్నకు మరింత విస్తృతమైన సమాధానం 1955లో మన దేశం నుంచి వెలువడింది. కలకత్తాలో పనిచేస్తున్న అమల్ కుమార్ రాయ్‌చౌధురి, సమరూపత మీద ఆధారపడని సమీకరణాన్ని ఫిజికల్ రివ్యూ పత్రికలో ప్రచురించారు. నేడు ప్రపంచమంతటా అది రాయ్‌చౌధురి సమీకరణంగానే ప్రసిద్ధం.

రేడియోలో పుట్టిన పేరు

లెమైత్ర సిద్ధాంతానికి నేడు స్థిరపడిన పేరు ఆయన పెట్టినది కాదు. 1949 మార్చి 28న బీబీసీ రేడియో ప్రసంగంలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ ఆ సిద్ధాంతాన్ని బిగ్ బ్యాంగ్ అని ప్రస్తావించారు. తెలుగులో మహా విస్ఫోటనంగా స్థిరపడిన మాట ఇదే. హాయిల్ ఆ సిద్ధాంతానికి బద్ధ విరోధి. విశ్వానికి ఆది లేదని, విస్తరణ వల్ల ఏర్పడే ఖాళీని కొత్త పదార్థం నిరంతరం భర్తీ చేస్తుందని చెప్పే స్థిరస్థితి సిద్ధాంతాన్ని ఆయన అంతకు ముందు ఏడాదే ప్రతిపాదించారు. తర్వాతి కాలంలో భారతీయ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ ఆయన శిష్యుడిగా, సహచరుడిగా ఆ వాదాన్ని ముందుకు తీసుకెళ్లారు.

రెండు వర్గాలూ ఎన్ని విషయాల్లో విభేదించినా విశ్వానికి కేంద్రం లేదన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉండేవి. కానీ విస్ఫోటనం అన్న మాట వినగానే శ్రోత మనసు పేలుడు జరిగిన స్థలాన్ని వెతుక్కుంటుంది. శాస్త్రంలో లేని కేంద్రం ఆ విధంగా భాషలో ప్రవేశించి, నేటికీ అక్కడే స్థిరంగా ఉండిపోయింది.

లెమైత్ర మీద మరో రకమైన అనుమానం కూడా ఉండేది. మతగురువు కాబట్టే సృష్టికి ఆరంభాన్ని ప్రతిపాదించారని, శాస్త్రం ముసుగులో మతగ్రంథాన్ని సమర్థిస్తున్నారని విమర్శకులు భావించేవారు. 1951 నవంబరు 22న పన్నెండవ పయస్ పోప్ ఒక ప్రసంగంలో ఆధునిక విశ్వశాస్త్రం సృష్టికి సాక్ష్యం పలుకుతోందన్న భావం వ్యక్తం చేయడంతో ఆ అనుమానానికి బలం చేకూరింది. ఆ ప్రసంగం లెమైత్రకు నచ్చలేదు. శాస్త్ర పరికల్పన రేపు తప్పని తేలవచ్చు, దాని మీద విశ్వాసాన్ని నిలబెట్టకూడదు, విశ్వాసం కోసం శాస్త్రాన్ని వంచకూడదు అన్నది ఆయన వైఖరి. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉందని ఆయన స్పష్టం చేసేవారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఖగోళ శాస్త్రజ్ఞులను ఉద్దేశించి పోప్ చేసిన ప్రసంగంలో అలాంటి ప్రస్తావన రాలేదు. లెమైత్ర 1960 నుంచి మరణించే వరకు పోప్ విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుడిగా కూడా ఉన్నారు.

ఆసుపత్రి మంచం మీద అందిన వార్త

చివరి దశాబ్దాల్లో లెమైత్ర విశ్వశాస్త్ర వివాదాలకు కొంత దూరంగా ఉంటూ, గణన యంత్రాల మీద దృష్టి పెట్టారు. 1950ల చివర లూవెన్ విశ్వవిద్యాలయానికి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని వద్ద గంటల తరబడి గడిపేవారు. 1964లో బెల్జియం ప్రజా ప్రసార సంస్థకు ఆయన ఇచ్చిన టెలివిజన్ ఇంటర్వ్యూ చాలాకాలం కనిపించకుండా పోయి, 2022 చివరలో ఆ సంస్థ భాండాగారంలో తిరిగి దొరికింది. స్థిరస్థితి సిద్ధాంతంతో తనకున్న విభేదాన్ని ఆయన అందులో శాంతంగా వివరిస్తూ కనిపిస్తారు. అదే ఏడాది చివర ఆయనకు గుండెపోటు వచ్చింది.

ఆదిమ దశ తాలూకు ఆనవాలు ఏదో నేటికీ విశ్వంలో మిగిలి ఉండాలని లెమైత్ర మొదటి నుంచీ నమ్మారు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలే ఆ ఆనవాలని భావించారు. ఆ అంచనా తప్పింది గానీ ఆనవాలు ఉంటుందన్న నమ్మకం తప్పలేదు. అమెరికాలోని న్యూజెర్సీలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అన్న ఇద్దరు రేడియో శాస్త్రజ్ఞులకు తమ యాంటెనాలో అంతుపట్టని రొద వినిపించింది. యాంటెనాను ఎటు తిప్పినా అది తగ్గలేదు, పెరగలేదు. విశ్వం తొలి దశలో దట్టంగా, వేడిగా ఉన్నప్పటి వికిరణం చల్లారి మిగిలినదే ఆ రొద అని తేలింది. 1965లో ఆ ఫలితం వెలువడింది. 1966 జూన్‌లో ఆసుపత్రిలో ఉన్న లెమైత్రకు ఆయన సహాయకుడు ఓడోన్ గొదార్ ఆ వార్తను వివరించారు. ఆ నెల 20న లూవెన్‌లో లెమైత్ర తుదిశ్వాస విడిచారు. ఆయన వయసు 71 సంవత్సరాలు.

ఆయన జీవితమంతా సమర్థించిన రెండు అంశాలకూ ఆ వికిరణమే బలమైన సాక్ష్యంగా నిలిచింది. మొదటిది విశ్వానికి దట్టమైన, వేడి గతం ఉందన్నది. రెండవది దానికి కేంద్రం లేదన్నది. ముందే ఉన్న శూన్యంలో ఒక చోట పేలుడు జరిగి ఉంటే, ఆ దిక్కున ఒక విధంగా, ఎదురు దిక్కున మరో విధంగా ఆకాశం కనిపించాలి. పరమశూన్యం కన్నా కేవలం 2.7 డిగ్రీలు ఎక్కువ ఉష్ణోగ్రత గల ఈ వికిరణం, మన సొంత చలనం వల్ల కలిగే తేడాను మినహాయిస్తే, అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తోంది. మిగిలే తేడాలు లక్షలో ఒక వంతు మాత్రమే. సుమారు 1380 కోట్ల సంవత్సరాల కాలపరిమితి వల్ల మనం చూడగలిగే మేర మన చుట్టూ ఒక గోళంలా కనిపిస్తుంది. దానికి మాత్రం మనమే మధ్యలో ఉంటాం. నడిసముద్రంలో పడవ మీద ఉన్నవారికి దిగంతం తమ చుట్టూ వలయంగా కనిపించినట్లే ఇదీ. మరో పడవలో ఉన్నవారికి వారి చుట్టూ మరో వలయం ఉంటుంది. సముద్రానికి ఆ వలయాలతో సంబంధం లేదు.

ఐన్‌స్టీన్ వదిలేసిన విశ్వ స్థిరాంకాన్ని లెమైత్ర చివరిదాకా వదలలేదు. 1998లో విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని తేలడంతో ఆ పదం సమీకరణాల్లోకి తిరిగి వచ్చింది. ఆ వేగవృద్ధికి కూడా ప్రత్యేకమైన దిక్కు గానీ, స్థానం గానీ లేదు. విశ్వం ఎక్కడ మొదలైందని అడిగేవారికి లెమైత్ర గణితం ఇచ్చే సమాధానం ఇప్పటికీ అదే. నేడు మనం ఉన్న చోటు, ఆండ్రోమెడా ఉన్న చోటు, కంటికి అందనంత దూరాన ఉన్న గెలాక్సీలు ఉన్న చోటు, అన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవి. ఆరంభం ఇక్కడే జరిగింది, అక్కడా జరిగింది, ప్రతి చోటా జరిగింది.